వరద వస్తుందని తెలిసే కదా నిద్ర పట్టదు: థ్రిల్లర్ల మీద అపోహలు - వాస్తవాలు

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అప్పటికే లంకలు మునిగాయి. మా ఊరు ఏటిగట్టుకి లోపలి వైపు ఉంటుంది కాబట్టి ఇంకా పొడిగానే ఉంది. భద్రాచలం నీరు ధవళేశ్వరం బ్యారేజీకి రావడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరంలో 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఈ అంకెలు మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా కంఠతా వచ్చు. పెద్దవాళ్ళు 1986 నాటి 75.6 అడుగులతో పోల్చుకుంటున్నారు. గట్టు మీద ఇసుక బస్తాలు పేర్చి, నీటి అంచున ఒక కర్ర పాతి, రాత్రంతా మగవాళ్ళు కాపలా కాశారు. గంటకోసారి టార్చి వేసి ఆ కర్ర చూడటం, "ఇంకో బెత్తెడు పెరిగిందండి" అని ఒకరు అనడం, తర్వాత ఎవరూ మాట్లాడకపోవడం.

నేను ఎడిటర్‌ని. పదిహేడేళ్ళు హైదరాబాద్‌లో సినిమాలకి, తర్వాత వెబ్ సిరీస్‌లకి పనిచేసి, ఇప్పుడు రాజోలు దగ్గర ఇంటి నుంచే కట్ చేస్తున్నాను. నా పనిలో ఎక్కువ భాగం థ్రిల్లర్లే. కథ పట్టుకుని వచ్చే కుర్రాళ్ళు, కొన్నిసార్లు నిర్మాతలు కూడా, ఈ రకం సినిమాల గురించి కొన్ని మాటలు ఎంతో నమ్మకంగా చెబుతారు. వాటిలో చాలావరకు తప్పని నాకు ఎడిటింగ్ బల్ల మీద కంటే ఎక్కువగా ఆ గట్టు మీదే తెలిసింది.

అపోహ: ఎంత దాస్తే అంత ఉత్కంఠ.

ఆ రాత్రి మాకు ఏదీ రహస్యం కాదు. నీరు వస్తుందని తెలుసు, ఎంత వస్తుందో తెలుసు, ఎప్పటికి వస్తుందో కూడా తెలుసు. తెలిసినందుకే నిద్ర పట్టలేదు. వరద చెప్పకుండా వచ్చి ఉంటే భయపడేవాళ్ళం, అదీ ఒక్క నిమిషం. ఆ తర్వాత పరుగే.

థ్రిల్లర్లకి పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ ఇదే సంగతిని బాంబుతో చెప్పాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలితే ప్రేక్షకుడికి 15 సెకన్ల ఉలికిపాటు. అదే బాంబు ఒంటిగంటకి పేలుతుందని ముందే మనకి చెప్పి, గోడ గడియారంలో ఒంటిగంటకి పావుగంట తక్కువ చూపిస్తే, అవే కబుర్లు 15 నిమిషాల పాటు మన గుండెని పిండుతాయి. "ఆ కబుర్లు ఆపి బల్ల కింద చూడండయ్యా" అని లోపల్నుంచి అరుస్తాం.

కథ రాసే వాళ్ళకి నేను మొదట వేసే ప్రశ్న ఇదే: ఈ సీన్‌లో చూసేవాడికి ఏం తెలుసు, పాత్రకి ఏం తెలుసు? పాత్ర కంటే మనకి తక్కువ తెలిస్తే అది కుతూహలం. ఇద్దరికీ ఒకేసారి తెలిస్తే ఉలికిపాటు. పాత్రకి తెలియనిది మనకి తెలిస్తేనే అసలైన ఉత్కంఠ. మూడూ అవసరమే, కానీ రెండు గంటల సినిమాని కుతూహలం ఒక్కటే మోయలేదు. ఎవరు చంపారో చివరి వరకు చెప్పకుండా లాగిన కథల్లో గంట దాటాక ప్రేక్షకుడు అలిసిపోతాడు. భయపడటానికి అతని చేతిలో ఏమీ ఉండదు కదా.

ఒకసారి నా దగ్గరకి వచ్చిన ఫుటేజీలో ఇలాంటి గట్టు సీనే ఉంది. దర్శకుడు గండి పడటాన్ని షాక్‌లా ఉంచమన్నాడు. నేను మాత్రం తీసిపెట్టిన షాట్లలో కర్రని వెతికాను. అదృష్టం కొద్దీ నాలుగు సైజుల్లో దొరికింది. లోపల ఇంట్లో పెళ్ళిచూపులు జరుగుతున్నంతసేపూ మూడుసార్లు ఆ కర్ర వేశాను, ప్రతిసారీ ఒక గీత మునిగి. పెళ్ళిచూపుల్లో ఒక్క డైలాగు మార్చలేదు. చూసినవాళ్ళకి మాత్రం "అమ్మాయికి పాటలొచ్చాండీ" అన్న మాట కూడా భరించలేనంత భయంగా వినిపించింది.

అపోహ: వేగంగా కట్ చేస్తే సీన్ పరిగెడుతుంది.

వేగంగా కట్ చేస్తే కళ్ళు పరిగెడతాయి, అంతే. ల్యాగ్ ఉందని భయపడి రఫ్ కట్‌లో, అంటే మొదటి ముతక కూర్పులో, ప్రతి షాట్‌నీ కురచ చేయమనే వాళ్ళని చాలామందిని చూశాను. తీరా కురచ చేశాక సీన్ ఇంకా పొడుగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే చూసేవాడికి ఎదురుచూడటానికి చోటు మిగలదు.

హిచ్‌కాక్ 1948లో తీసిన 'రోప్' మొత్తం ఇంచుమించు పది పొడవాటి షాట్లే. మొదట్లోనే ఇద్దరు కుర్రాళ్ళు స్నేహితుణ్ణి చంపి పెట్టెలో పెడతారు. ఆ పెట్టె మీదే విందు వడ్డిస్తారు. ఒకచోట కెమెరా కదలకుండా పనిమనిషినే చూస్తూ ఉంటుంది. మిగతావాళ్ళంతా పక్కన మాట్లాడుకుంటున్న గొంతులు వినిపిస్తుంటాయి, ఆవిడ మాత్రం ఒక్కో గిన్నే, ఒక్కో కొవ్వొత్తీ తీసుకెళ్తూ పెట్టె ఖాళీ చేస్తుంటుంది. ఇంకో నిమిషంలో మూత తీస్తుంది. అక్కడ ఒక్క కట్ వేసినా, "మూత దగ్గరకి ఎలాగూ తీసుకెళ్తార్లే" అని మన ఊపిరి కాస్త తేలికపడేది. కట్ లేదు కాబట్టి ఆమె చేతుల నుంచి మనకి తప్పించుకునే దారి లేదు.

అదే మనిషి 1960లో 'సైకో' షవర్ హత్య కోసం వారం రోజులు షూటింగ్ చేసి, ముక్కలు ముక్కలుగా కోయించాడు. రెండూ సరైనవే. ఎదురుచూపుని సాగదీయాలి, దెబ్బని కోయాలి. నా అనుభవంలో కొత్త ఎడిటర్లు సరిగ్గా దీన్నే తిరగేస్తారు.

అపోహ: భయమంతా ఆర్.ఆర్.లోనే (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతంలోనే) ఉంటుంది.

సంగీతాన్ని తక్కువ చేయను. 'సైకో' షవర్ సీన్‌కి హిచ్‌కాక్ మొదట సంగీతమే వద్దనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ అయినా రాసి వినిపించాక ఆ వయొలిన్ల కేకలకి ఆయనే ఒప్పుకున్నాడు. కానీ అదే ఇద్దరూ 1963లో 'ది బర్డ్స్' చేసినప్పుడు మామూలు నేపథ్య సంగీతమే పెట్టలేదు. పక్షుల అరుపులు, రెక్కల చప్పుడు, వాటి మధ్య నిశ్శబ్దం, వీటితోనే నడిపించారు.

మా వైపు పెరిగిన వాళ్ళకి నిశ్శబ్దం అంటే ఏమిటో కప్పలు నేర్పుతాయి. నాట్లు పడిన రోజుల్లో రాత్రి చేల్లో కప్పల రొద చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. గట్టు మీద ఎవరైనా నడిస్తే ఆ మేర కప్పలు ఆగిపోతాయి. అరుగు మీద పడుకున్న మా తాతయ్య కళ్ళు తెరవకుండానే "ఎవరో వత్తన్నారు" అనేవారు. చప్పుడు విని కాదు, చప్పుడు ఆగితే.

ఇది ఒక వెబ్ సిరీస్‌లో వాడాం. సౌండ్ డిజైనర్‌కి చెప్పగానే నచ్చింది, కానీ ఒక చిక్కు వచ్చింది. పట్నంలో చూసే వాళ్ళకి ఈ సంగతి తెలియదు, వాళ్ళకి కప్పలు ఆగడం ఆగినట్టే అనిపించదు. కాబట్టి ముందు నేర్పాలి. రెండో ఎపిసోడ్‌లో, ఏ ప్రమాదమూ లేని సమయంలో, పిల్లాడు చేను గట్టు మీద నడిచి వస్తుంటే కప్పలు ఆగుతాయి. ముసలావిడ నవ్వి, "వచ్చావా, బువ్వ తిందువు గాని రా" అంటుంది. అంతే, ఎవరూ దాన్ని వివరించరు. అయిదో ఎపిసోడ్‌లో ఆవిడ ఒక్కతే ఉంటుంది, పిల్లాడు ఊళ్ళో లేడు. రొద మధ్యలో ఒక పక్క కప్పలు ఆగుతాయి. తర్వాత ఇంకాస్త దగ్గర్లో ఆగుతాయి. ఆ సీన్ మీద ఒక్క స్వరం కూడా లేదు. సంగీత దర్శకుడే వద్దన్నారు, ఆ పెద్దమనసుకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అపోహ: చీకటి, వాన, పాడుబడ్డ బంగళా కావాలి.

అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం కొబ్బరితోటలో ఒంటరిగా నడిచి చూడండి. ఎండా నీడా గళ్ళుగళ్ళుగా కదులుతుంటాయి, ఏ చెట్టు వెనకాల ఏముందో తేలదు, కమ్మ ఊడిపడితే పిడుగు పడ్డట్టు ఉంటుంది.

అపోహ: ముగింపు తెలిసిపోతే ఇక చూడటానికేం లేదు.

మా మామ్మ తీర్థాల్లో బొబ్బిలి యుద్ధం బుర్రకథ ఎన్నిసార్లు విందో లెక్కలేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడుతుందని, ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజుని పొడుస్తాడని ఆవిడకి తెలుసు, పందిరి కింద కూర్చున్న అందరికీ తెలుసు. అయినా పాపారాయుడు గుడారంలోకి దూరే ఘట్టం వచ్చేసరికి మామ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

బుర్రకథ చెప్పేవాళ్ళు ఉత్కంఠకి పెద్ద బాలశిక్ష లాంటివాళ్ళని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. మధ్యలో కథకుడు, అటూ ఇటూ వంతలు. ఒకరిది రాజకీయం, ఇంకొకరిది హాస్యం. కత్తి పైకి లేచిన క్షణంలో హాస్యం వంత అడ్డుపడి ఏదో ప్రశ్న వేస్తాడు. జనం నవ్వుతారు, కానీ కత్తి ఇంకా పైనే ఉందని ఎవరూ మరిచిపోరు. ఆ నవ్వుతో ఎదురుచూపు రెట్టింపవుతుంది. థ్రిల్లర్‌లో కామెడీ ఎక్కడ పెట్టాలని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే: కత్తి లేపాక, దించకముందు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగో పరిశోధకులు 2011లో 12 చిన్న కథలతో ఒక ప్రయోగం చేశారు. ముగింపు ముందే చెప్పినా చదివేవాళ్ళ ఆనందం తగ్గలేదు, మొత్తం మీద కాస్త పెరిగింది కూడా. అవి చిన్న కథలు, సినిమాలకి ఆ లెక్కని యథాతథంగా అన్వయించలేం. పక్కవాడికి ట్విస్టు చెప్పేయమనీ నేను అనను, కుతూహలం కూడా ఒక రుచే. కానీ ట్విస్టు తప్ప ఇంకేమీ లేని కథ రెండోసారి చూడబుద్ధి కాదు. రెండోసారి చూసినప్పుడు కూడా చెయ్యి పట్టుకోవాలనిపించే సీన్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే కథ బలం తెలిసిపోతుంది.

అపోహ: ఎపిసోడ్ చివర ఒక ప్రమాదం పెడితే తర్వాతది తప్పకుండా చూస్తారు.

వారపత్రికల సీరియల్స్ రోజుల్లో ఇది పనిచేసేది. చివర 'సశేషం' అని పడేది, మళ్ళీ గురువారమో శుక్రవారమో దాకా పాఠకుడు తనంతట తనే భయాన్ని పెంచుకునేవాడు. చెరువు దగ్గర, రేవులో, బస్సులో ఆ కథే చర్చ. ఇప్పుడు తర్వాతి ఎపిసోడ్ కొన్ని సెకన్లలో మొదలైపోతుంది. హీరో మెడ మీద కత్తి పెట్టి ఆపితే, పది సెకన్లలో కత్తి పోతుంది, చూసేవాడికి తనని మోసం చేశారన్న భావం మిగులుతుంది. నేను ఎపిసోడ్‌ని ప్రమాదం మీద కాకుండా నిర్ణయం మీద ఆపుతాను. తల్లి పోలీసులకి అబద్ధం చెప్పింది, కొడుకు విన్నాడు, కట్. ఇక్కడ ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, కానీ ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు.

అపోహ: థ్రిల్‌లో పడితే జనం లాజిక్ చూడరు.

చూస్తారు. ఊపిరి బిగబట్టి చూస్తారు కాబట్టి ఇంకా బాగా చూస్తారు.

అంతర్వేది వైపు, వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఒక సినిమాకి సీన్ తీశారు. వేసవి, ఏట్లో నీరు తక్కువ. హంతకుడు రాత్రి మూట తెచ్చి నీళ్ళలోకి తోస్తాడు, అది సముద్రంలోకి పోతుంది. గబగబా అయిపోయే సీన్, నేనూ గబగబా కట్ చేశాను. మా ఇంటికి చేపలు తెచ్చే ఒకాయన ఆ వేళకి వచ్చి, తెర మీద అది చూసి ఆగిపోయాడు.

"అది అవదండి."

"ఏది, బాబాయ్?"

"పడవలు చూడండి. కట్టేసినయ్యన్నీ సముద్రం వైపు ముక్కులెట్టి ఉన్నాయి. అంటే పోటు మీదుందండి. ఇప్పుడు పడేత్తే ఆ మూట సముద్రంలోకెందుకెళ్తది? ఊరి మీదకే వచ్చేత్తది."

నిజమే. ముందువైపు తాడుతో కట్టిన పడవ ఎప్పుడూ నీరు వచ్చే దిక్కుకే ముఖం తిప్పుతుంది. పోటు ఎక్కేటప్పుడు నీరు సముద్రం నుంచి వస్తుంది, దిగేటప్పుడు ఏటి నుంచి. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య ఇంచుమించు 12 గంటల 25 నిమిషాలు. ఎక్కుతున్న నీరు తిరగాలంటే, మొదట్లోనే వచ్చినవాడు ఆరు గంటలు కాచుకోవాలి.

దర్శకుడికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వాడు కాచుకోవాల్సిందే కదా" అన్నాడు. ఒక్క రాత్రి రీషూట్ పెట్టారు. ఇప్పుడు హంతకుడు మూటతో సహా ఒడ్డున కూర్చుంటాడు. నీరు తిరగాలి, తెల్లారకముందే తిరగాలి. తూర్పున ఆకాశం బూడిద రంగులోకి మారుతుంది. దూరంగా వలల వాళ్ళ మాటలు వినిపిస్తాయి. వాడు పడవల వంక చూస్తాడు, మనమూ చూస్తాం. నాలుగు నిమిషాల సీన్‌లో పదకొండు షాట్లు. సంగీతం లేదు. మొదటి పడవ ముక్కు మెల్లగా పక్కకి కదలడం మొదలైన చోట ఆపేశాను.