మెమరీ టెస్టులో నటన తెలిసిపోతుందా? అపోహలు - వాస్తవాలు

యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలి నష్టపరిహారం కేసు నడుస్తున్నవాళ్లు, దివ్యాంగుల సర్టిఫికెట్ కావాల్సినవాళ్లు విశాఖలో మా దగ్గరకు మెమరీ టెస్టుకు వస్తుంటారు. "నిజంగానే మర్చిపోతున్నాడా, నటిస్తున్నాడా మేడమ్?" అని వెంట వచ్చినవాళ్లే గొంతు తగ్గించి అడుగుతారు.

అపోహ: అనుభవమున్న సైకాలజిస్టు మనిషిని చూడగానే పట్టేస్తారు.

వాస్తవం: పట్టలేం. అందుకే ఎఫర్ట్ టెస్టులు, అంటే మనిషి నిజంగా ప్రయత్నించి జవాబిస్తున్నాడా లేదా అని చూసే టెస్టులు పెడతాం. ఇవి చూడ్డానికి కష్టంగా ఉంటాయి కానీ చాలా తేలిక. సొంతంగా గుర్తుతెచ్చుకోవడం కన్నా, చూసినదాన్ని గుర్తుపట్టడం సులువు కాబట్టి మెదడుకు దెబ్బ తగిలినవాళ్లు కూడా చాలామంది వీటిని బాగానే చేస్తారు. ఏ టెస్టులో ఏముంటుందో ఇక్కడ రాయను. అందరికీ తెలిస్తే అది ఇక పనికిరాదు.

అపోహ: ఎఫర్ట్ టెస్టు ఫెయిలైతే అబద్ధమాడుతున్నట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. ఫెయిలైతే ఆ రోజు వచ్చిన మిగతా మార్కులను నమ్మలేం, అంతవరకే. ముదిరిన డిమెన్షియా, మేధో వైకల్యం, మత్తు తెచ్చే మందులు కూడా కారణం కావచ్చు. పాడేరు వైపు నుంచి వచ్చిన, బడికి వెళ్లని పెద్దాయనకు ఇంగ్లిష్ అక్షరాలున్న కార్డు చూపించి, గుర్తులేదన్నాడని దోషిగా రాయడం అన్యాయం. ఇలాంటి నటనను నిర్ధారించడానికి 1999లో న్యూరోసైకాలజిస్టు డేనియల్ స్లిక్, ఆయన సహచరులు ఇచ్చిన ప్రమాణాల్లోనూ ఒక్క టెస్టు మార్కుతో తేల్చేయమని లేదు. నటిస్తే కలిగే లాభం ఉందా, జబ్బుతో ఈ ఫలితాన్ని పూర్తిగా వివరించవచ్చా అన్నవి కూడా చూడాలి.

నటనకు గట్టి ఆధారం అనదగ్గది ఒకటుంది. రెండు బొమ్మల్లో ముందు చూసినదాన్ని ఎంచుకునే ప్రశ్నలు 50 ఉన్నాయనుకుందాం. ఏమీ గుర్తులేక కళ్లు మూసుకుని చెప్పినా సుమారు 25 ఒప్పవుతాయి. 17 లేదా అంతకన్నా తక్కువ రావడానికి నూటికి రెండు వంతుల అవకాశం కూడా లేదు. అలా వస్తే, సరైన జవాబు తెలిసే తప్పు చెప్పారేమోనని గట్టిగా అనుమానించాలి. అంత తక్కువ మార్కులు రావడం మాత్రం అరుదు.

అపోహ: ఎఫర్ట్ టెస్టు పాసైతే జ్ఞాపకశక్తి బాగున్నట్టే.

వాస్తవం: కాదు. మిగతా టెస్టుల్లో వచ్చిన తక్కువ మార్కులు నిజమైనవే అని చెప్పడానికి అది బలం.

టెస్టుకు వచ్చే ముందు రాత్రి బాగా నిద్రపోండి. కళ్లజోడు, వినికిడి మెషిన్ ఉంటే తెచ్చుకోండి. వాడే మందుల చీటీ చూపించండి. కువి, ఆదివాసీ ఒడియా లాంటి భాష మీ ఇంటి భాషైతే మొదలుపెట్టక ముందే చెప్పండి.