పిల్లల కదలికల ప్రశ్నావళి మరో భాషలోకి: అపోహలు – వాస్తవాలు

డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ (డీసీడీ) అంటే ఎదిగే పిల్లల్లో కదలికల పొందిక కుదరని సమస్య. ఆ అనుమానం ఉన్న పిల్లల్ని ముందుగా వడపోయడానికి ఎక్కువగా వాడే ప్రశ్నావళి డీసీడీక్యూ. ఇది కెనడాలో తయారైంది. 2007లో సవరించిన ప్రతిలో 15 ప్రశ్నలుంటాయి. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల తల్లిదండ్రులు ఒక్కోదానికి 1 (మా బిడ్డ అస్సలు ఇలా కాదు) నుంచి 5 (అచ్చం ఇలాగే) దాకా మార్కు వేస్తారు. మొత్తం తగ్గేకొద్దీ అనుమానం పెరుగుతుంది.

అపోహ: అనువాదానికి రెండు భాషలూ బాగా వచ్చినవారు ఒకరుంటే చాలు.

చాలదు. ముందు రూపకర్తల అనుమతి కావాలి. ఇద్దరు విడివిడిగా అనువదించాలి: ఒకరు విషయం తెలిసినవారు, ఇంకొకరు బొత్తిగా తెలియనివారు. ఆ రెండింటినీ కలిపి ఒక ప్రతి చేశాక, మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. తేడాలను నిపుణుల బృందం తేల్చాక 30–40 మంది తల్లిదండ్రుల చేత నింపించి చూడాలి. అప్పుడు ‘అర్థమైందా?’ అని అడగడం దండగ, అందరూ అయిందనే అంటారు. ‘ఈ ప్రశ్న ఏమడుగుతోందో మీ మాటల్లో చెప్పండి’ అనాలి.

అపోహ: తిరుగు అనువాదం మూలంతో సరిపోతే పని అయినట్టే.

మక్కికి మక్కి చేసిన అనువాదమే ఈ పరీక్షలో అన్నిటికంటే బాగా నెగ్గుతుంది! ఒక ప్రశ్నలో ‘పింగాణీ కొట్లో ఎద్దు’ (చూసుకోకుండా తగిలి వస్తువులు పగలగొట్టేవారు) అనే ఇంగ్లిష్ పలుకుబడి ఉంది. అలాగే దించితే తిరుగు అనువాదం అచ్చంగా కుదురుతుంది. చదివిన తల్లికి మాత్రం బిడ్డను మొద్దు అంటున్నట్టు తోస్తుంది. పైగా ఆ వాక్యం ‘అలా ఎప్పుడూ అనరు’ అని వ్యతిరేకార్థంలో ఉంటుంది. ‘మా బిడ్డ అలాంటిది కాదు’ అనుకున్న తల్లి ‘అస్సలు కాదు’ దగ్గర, అంటే 1 మీద టిక్కు పెడుతుంది. రావలసింది 5. ‘సున్నితమైన వస్తువులున్న ఇరుకు గదిలోనూ దేన్నీ పగలగొట్టకుండా మసలగలదు’ అని తిప్పి రాస్తే చిక్కు తీరుతుంది.

అపోహ: పిల్లలు ఆడని ఆట ఉంటే ఆ ప్రశ్న తీసేయవచ్చు.

తీస్తే మొత్తం 75కు రాదు, కటాఫ్‌లు (అనుమానానికి హద్దుగా పెట్టిన మార్కులు) చెల్లవు. అలాగే ఉంచితే అలవాటు లేక 1 పడుతుంది, అది లోపంలా కనబడుతుంది. మార్చాల్సింది వస్తువును మాత్రమే, దాని వెనకున్న పనిని కాదు. బంతిని బ్యాట్‌తో కొట్టే ప్రశ్నలో కొలిచేది ఎదురుగా వస్తున్నదాన్ని చేతిలోని పనిముట్టుతో అదను చూసి కొట్టడం. దాని బదులు కాలితో తన్నే ఆట పెడితే అది వేరే ప్రశ్న. బంతి పట్టుకునే ప్రశ్నలో 6–8 అడుగుల దూరం మీటర్లలో 1.8–2.4 అవుతుంది, ‘కొంచెం దూరం’ కాదు.

అపోహ: కటాఫ్ మార్కులు ఎక్కడైనా ఒకటే.

మూలంలో అనుమాన హద్దు 8 ఏళ్లలోపు 46, 8–9 ఏళ్లకు 55, ఆపైన 57. కొత్త భాషలో వీటిని కదలికల పరీక్షతో పోల్చి మళ్లీ తేల్చాలి. ఆల్ఫా అనే గణాంక కొలత 0.9 వచ్చినా అది ప్రశ్నల పొందికనే చెబుతుంది, హద్దు సరైనదని కాదు.

అపోహ: తక్కువ మార్కులంటే డీసీడీయే.

మూల అధ్యయనంలో ఇది సమస్య ఉన్నవారిలో సుమారు 85 శాతాన్ని పట్టింది, లేనివారిలో 71 శాతాన్ని సరిగ్గా వదిలింది. ఇవే అంకెలు 1000 మందికి, అందులో 50 మందికి సమస్య ఉందనుకుని వేసి చూడండి. 43 మంది దొరుకుతారు, వారితోపాటు సమస్య లేని మరో 276 మందీ జాబితాలోకి వస్తారు. అందుకే తర్వాత ప్రామాణిక కదలికల పరీక్ష చేయాలి, రోజువారీ పనుల్లో ఇబ్బంది ఎంతో అడగాలి, చూపు, నరాల సమస్యలు కారణం కావని తేల్చుకోవాలి.