గొంతు రికార్డు చేయడం: అపోహలు - వాస్తవాలు

కడపలో నాకు చిన్న స్టూడియో ఉంది. పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను, పల్లెలకు వెళ్లి చెక్కభజనలు, పెద్దవాళ్ల పాటలు రికార్డు చేస్తాను. ఈ పనిలో పదేపదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పాట రాసి పెట్టుకుంటే చాలు, పోదు.

మన తాళ్లపాక అన్నమయ్యనే చూడండి. వేల కీర్తనలు రాగిరేకుల మీద చెక్కి ఉన్నాయి. ప్రతి పాటకూ రాగం పేరుంది. ఆయన ఏ వరుసలో పాడారో మాత్రం ఆ రేకులు చెప్పవు. అనంతపురం జిల్లావారే అయిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు 20వ శతాబ్దంలో కూర్చుని మళ్లీ బాణీలు కట్టాల్సి వచ్చింది. అందుకే "మా అవ్వ పాటలన్నీ నోటుబుక్కులో ఉన్నాయి" అని ఎవరన్నా అంటే, ఆమె ఉండగానే ఫోన్‌లోనైనా పాడించుకోండి అని బతిమాలుకుంటాను.

అపోహ: రికార్డులో ఉన్నదే అసలు పాట.

పాతకాలపు గ్రామఫోన్ ప్లేటు (78 ఆర్‌పీఎం) ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని గంటసేపు సాగే రాగాన్ని అందులో ఇమిడ్చి, చివర ఇంగ్లీషులో తన పేరు చెప్పేవారు. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో కాబట్టి, లేబుల్ వేసేవాళ్లకు అది గుర్తు. మన పద్యనాటకాల ప్లేట్లూ అంతే. స్టేజీ మీద వన్స్ మోర్ అంటే మళ్లీ ఎత్తుకునే పద్యం ప్లేటు మీద గబగబా ముగుస్తుంది. ఆ ప్లేటు విని, ఇప్పటి నటుడు రాగం సాగదీస్తున్నాడని తప్పుపట్టడం అన్యాయం.

అపోహ: పోయినవాళ్ల గొంతు వింటే ఎవరికైనా ఊరటే.

ఆస్ట్రేలియా ఆదివాసుల్లో చాలామంది, మనిషి పోయాక కొంతకాలం ఆ పేరు పలకరు, ఆ గొంతు వినరు. అందుకే అక్కడ కొన్ని టీవీ కార్యక్రమాల ముందు, పోయినవాళ్ల గొంతు ఇందులో ఉండొచ్చని హెచ్చరిక వేస్తారు. మన దగ్గర పెళ్లి క్యాసెట్‌లో నాన్న మాట రెండు ముక్కలున్నా తీసివ్వమని కొడుకు వస్తాడు. వెంట వచ్చిన తల్లి మాత్రం లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. నేను స్పీకర్‌లో పెట్టను. అడిగినవాళ్లకే హెడ్‌ఫోన్ ఇస్తాను.

అపోహ: మైకు ఎవరిదైతే రికార్డింగ్ వాళ్లదే.

1890లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఫ్యూక్స్ అనే పరిశోధకుడు పాసమక్వాడీ తెగవాళ్ల పాటలు, కథలు మైనపు సిలిండర్ల మీదికి ఎక్కించాడు. చాలాకాలం అవి ఆ తెగకు దూరంగానే ఉండిపోయాయి. ఇప్పుడు అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఆ తెగవాళ్లతో కలిసి పనిచేస్తోంది. ఏది అందరూ వినొచ్చో, ఏది తమ మధ్యే ఉండాలో తెగవాళ్లే చెబుతున్నారు. మన పల్లెల్లో రాత్రంతా భజన రికార్డు చేసుకుపోయి, యూట్యూబ్‌లో పెట్టి, పాడినవాళ్లకు ఒక కాపీ కూడా ఇవ్వనివాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఒక పెన్‌డ్రైవ్ వాళ్ల చేతిలో పెట్టండి. ఊరి పేరు, పాడినవాళ్ల పేర్లు ఫైలుతో పాటు రాసి ఉంచండి. జాతర పాటలు కొన్ని ఆ రోజు తప్ప పాడకూడదంటారు, అలాంటివి నెట్‌లో పెట్టొచ్చో లేదో మైకు బిగించే ముందే అడగండి.