కులం గడి పోయింది, భాష గడి ఏది?

జైలు రిజిస్టర్లలో కులం గడి మీద మళ్లీ చర్చ మొదలైంది. వచ్చిన మనిషి ఏ వర్గమో తెలియకపోతే ఎవరు కుదురుకుంటారో, ఎవరు గొడవ పెట్టుకుంటారో ముందే ఎలా తెలుస్తుందని ఒక వాదన. ఈ ప్రశ్న హైదరాబాద్‌లోని చంచల్‌గూడ మహిళా జైలు దగ్గర ఇంకా సున్నితమైంది. పాతబస్తీ ఉర్దూ, తండాల్లో లంబాడీల గోర్‌బోలీ, ఏజెన్సీ కోయ మాట, ఏది మాట్లాడే ఆడవాళ్లయినా ఆ ప్రహరీ లోపలే సర్దుకోవాలి.

కొన్ని జాతులవాళ్లు పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన 1871 నాటి నేరస్త జాతుల చట్టం సంగతి అందరికీ తెలిసిందే. 1952లో అది రద్దయినా ఆ నమ్మకం మాత్రం జైలు నియమాల్లో మిగిలిపోయింది. సంచార జాతుల వాళ్లకు పారిపోయే గుణం సహజంగానే ఉంటుందని పశ్చిమ బెంగాల్ నియమాల్లో రాసి ఉండేది. జర్నలిస్ట్ సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఇలాంటివాటిని కొట్టేసి, రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది.

కానీ మన దగ్గర ఖైదీల విషయంలో అసలు మలుపు కులం గడి వల్ల కాదు, ఇంటి దూరం వల్ల, అంతకు మూడేళ్ల ముందే వచ్చింది. ఆస్పత్రి కట్టడానికి 2021 జూన్‌లో వరంగల్ సెంట్రల్ జైలును ఖాళీ చేశారు. అక్కడి ఖైదీలను హైదరాబాద్‌తో పాటు వేరే జైళ్లకు పంపించారు. ములుగు, మహబూబాబాద్ వైపు కుటుంబాలకు ఒక పూటలో అయ్యే ములాఖత్ అప్పటినుంచి ఒక రోజు కూలి, రెండు బస్సుల ఖర్చు అయింది.

చంచల్‌గూడ గేటు దగ్గర ఓ పొద్దున నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. చేతిలో ఆధార్ జిరాక్స్, ప్లాస్టిక్ కవర్లో రెండు జతల బట్టలు, రాత్రి బస్సెక్కి వచ్చిన ముసలమ్మ. తెలుగు సగమే వచ్చు. పేరు రాసుకునే అతను అడిగింది అర్థం కాక పక్కనున్నామెను "ఏమంటున్నడు బిడ్డా?" అని అడుగుతుంది. లోపలున్న కూతురి పరిస్థితి ఆలోచించండి. నెలల తరబడి ఎవరూ రాక, తన మాట వినేవాళ్లు లేక తిండి మానేస్తే, ఆమెను మొండిది అనేయడం ఎంత తేలిక!

ఖైదీ తీరులో బయటి నుంచి వెంట తెచ్చుకునేదే ఎక్కువని 1962లో అమెరికాలో సామాజిక శాస్త్రవేత్తలు జాన్ ఇర్విన్, డొనాల్డ్ క్రెసీ వాదించారు. "వెంట తెచ్చుకునేది" అంటే కులమనో జాతి అనో చదువుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఆడమనిషి వెంట వచ్చేవి ఆమె భాష, ఇంటి దగ్గర వదిలొచ్చిన పిల్లలు, అప్పు, భయం. అక్కడి వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఆల్డర్సన్ మహిళా జైలును చూసి, ఖైదీలు లోపల కుటుంబాల్లాగా వరసలు కలుపుకుంటారని 1966లో మరో సామాజిక శాస్త్రవేత్త రోజ్ జియాలంబార్డో రాసింది. వరసలు కలపడం మనకు కొత్తేం కాదు. మాటే కలవకపోతే వరస ఎక్కడ కలుస్తుంది?

మహిళా ఖైదీల కోసం 2010 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు 70. వీలైనంత వరకు ఇంటికి దగ్గరలో ఉంచాలని నాలుగోది, మతం, సంస్కృతిని బట్టి అవసరాలు వేరుగా ఉంటాయని గుర్తించాలని 54వది చెబుతాయి. కులం రాయమని ఏదీ అనలేదు. ఆ గడి ఎలాగూ ఖాళీ అయింది కాబట్టి, అక్కడ ఇంట్లో మాట్లాడే భాష రాయాలి, ఊరు ఎంత దూరమో రాయాలి, చివరిసారి ములాఖత్‌కు ఎవరు, ఎప్పుడొచ్చారో రాయాలి.