నెలసరి నొప్పి: ఓపీలో రోజూ వినే మాటలు, అసలు సంగతి

హనుమకొండలో గైనకాలజిస్టుగా చేస్తున్నాను. కూలి పోతుందని నొప్పితోనే మిరప ఏరి సాయంత్రం వచ్చేవాళ్లు, డిగ్రీ చదివే పిల్లలు, అందరూ చెప్పే మాటలు మాత్రం ఇవే.

అపోహ: "మొదటి ఏడాది ఏ నొప్పీ లేకుండె మేడం, ఇప్పుడు కాలేజీ ఎగ్గొట్టడానికి నాటకం చేస్తాంది."

పిల్లను పక్కన కూర్చోబెట్టుకునే అంటారు తల్లులు. రజస్వల అయిన కొత్తలో చాలా నెలలు అండం విడుదల కాదు, అందుకే నొప్పీ ఉండదు. అండం విడుదలైన నెలలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, గర్భం రాకపోతే పడిపోతుంది, అది పడిపోగానే గర్భాశయం లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఎక్కువగా తయారై కండరాన్ని పిండేస్తాయి. ఆ రోజుల్లో వాంతులు, విరేచనాలు కూడా వీటివల్లే. అంటే ఆ పిల్లకు అండాలు విడుదలవడం మొదలైందన్నమాట, నాటకం ఎక్కడిది? 1957లోనే ఇంగ్లండ్‌లో పికిల్స్ అనే ఆయన బహిష్టు స్రావంలో కండరాన్ని బిగించే పదార్థం ఉందని చూపించాడు. మన ఇళ్లకు ఆ కబురు ఇంకా చేరలేదు.

అపోహ: "గోలీలు మింగితే పిల్లలు కారట."

మెఫెనమిక్ ఆసిడ్, ఐబుప్రోఫెన్ నొప్పి తగ్గించే గోలీలే, హార్మోన్లు కావు. ఆ రెండు మూడు రోజులు వాడితే పిల్లలు పుట్టకుండా పోరు. అవి చేసేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం (ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని 1971లో చూపించిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ వచ్చింది). తయారీని ఆపే మందు కాబట్టి, నొప్పికి మెలికలు తిరిగేదాకా ఓర్చుకుని అప్పుడు వేసుకుంటే ఏం లాభం, అప్పటికే తయారైంది ఎటు పోతుంది? నెలసరి వస్తుందనిపించగానే, అన్నం తిన్నాక, డాక్టరు చెప్పిన గంటల లెక్కన వేసుకోవాలి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్పిరిన్ పడని ఆస్తమా ఉంటే ఇవి వద్దు. వేసుకున్నాక ఒంటిమీద దద్దుర్లు, జ్వరం వస్తే ఆపేసి వెంటనే ఆస్పత్రికి రండి.

హార్మోన్ మాత్రలంటే ఇంకా భయం. అవి అండం విడుదలను ఆపి లోపలి పొరను పలుచన చేస్తాయి, మానేస్తే మళ్లీ మామూలే. రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వం, కాబట్టి పక్కింటామె చీటీ చూపించి కొనుక్కోకండి.

"పెండ్లయితే అదే పోతది." నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. కాన్పు తర్వాత కొందరికి తగ్గుతుంది నిజమే, కానీ నొప్పి శుభలేఖ చూసి పోదు. నెలనెలా ముదురుతున్నా, నెలసరి కాని రోజుల్లోనూ వస్తున్నా, భర్తతో కలిసినప్పుడో విరేచనానికి వెళ్లినప్పుడో పొడిచినట్టున్నా ఎండోమెట్రియోసిస్ ఏమోనని చూడాలి. పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గర్భాశయం పొరలాంటిదే బయట పెరిగి, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌తో బలుస్తుంది. స్కాన్ నార్మల్ వచ్చినా ఉండొచ్చు. డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మందులున్నాయి, కొందరికి ఆపరేషన్ కావాలి.

వేడినీళ్ల సంచి? పెట్టుకోండి, పనిచేస్తుంది. వచ్చేటప్పుడు మాత్రం, నొప్పి ఏ రోజు మొదలైంది, ఏ గోలీకి ఎన్ని గంటలు తగ్గింది, మూడు నెలలు క్యాలెండర్ మీద రాసుకుని ఆ కాగితం పట్టుకురండి.