నడుస్తూ నడుస్తూ ఆగిపోయే కొత్త కారు: అపోహలు, వాస్తవాలు

"అన్నా, బండి కొని ఏడాదిన్నర కూడా కాలేదు. ఫ్లైఓవర్ మీద ఉన్నట్టుండి ఆఫ్ అయిపోయింది. పక్కకి తీసి సెల్ఫ్ కొడితే మళ్లీ మామూలుగానే స్టార్ట్ అయింది. షోరూమ్‌కి తీసుకెళ్తే ఏమీ లేదంటున్నారు."

ఆటోనగర్‌లో ఎలక్ట్రికల్, స్కానింగ్ పని చేసే మాలాంటి వాళ్లు తరచుగా వినే ఫిర్యాదు ఇది. వచ్చేవాళ్లు బండితో పాటు ఒక కారణాన్ని కూడా వెంట తెచ్చుకుంటారు. బావమరిది చెప్పాడనో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చిందనో, బంకులో కుర్రాడు అన్నాడనో. వాటిలో కొన్ని సగం నిజాలు. కొన్నిటిని నమ్మితే మాత్రం అసలు లోపం ఎప్పటికీ దొరకదు.

అపోహ: కొత్త బండి ఊరికే ఆగదు, నడపడం రాక ఆగి ఉంటుంది

క్లచ్ తొందరగా వదిలితే బండి కుదుపుతో ఆగుతుంది, నిజమే. అది ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు జరిగే పని. అరవైలో వెళ్తున్న బండి ఆగిపోతే దానికీ డ్రైవింగ్‌కీ సంబంధం లేదు.

కొత్త బళ్లలో ఇలాంటి లోపాలు ఉంటాయని కంపెనీలే ఒప్పుకున్న సందర్భాలున్నాయి. 2020 జూలైలో మారుతి సుజుకి ఫ్యూయల్ పంపు లోపం ఉండొచ్చని 1,34,885 వ్యాగన్ఆర్, బాలెనో కార్లను వెనక్కి పిలిచింది. అప్పటికి అవి ఒకటి రెండేళ్ల లోపు బళ్లే. 2024 మార్చిలో మళ్లీ అదే రెండు మోడళ్లలో 2019లో తయారైన 16,041 కార్లను పిలిచింది. ఇంజిన్ నడుస్తూ ఆగిపోవచ్చు, లేదా స్టార్ట్ కాకపోవచ్చు అని ఆ ప్రకటనలోనే ఉంది. 2024 అక్టోబర్‌లో హోండా కూడా ఫ్యూయల్ పంపు లోపల తిరిగే ఇంపెల్లర్ విషయంలో 92,672 కార్లను పిలిచింది.

కాబట్టి మొదటి పని, ఆర్సీ తీసి చాసిస్ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రీకాల్ ఉంటే ఆ పార్టు ఉచితంగా మారుస్తారు. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. కంపెనీ ఫోన్ చేసినా, ఉత్తరం పంపినా అది పాత ఓనరుకే వెళ్తుంది.

అపోహ: ఇంజిన్ ఆగితే బ్రేకు, స్టీరింగ్ కూడా పోతాయి

పోవు, బరువెక్కుతాయి. పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌లో కొంత వ్యాక్యూమ్ మిగిలి ఉంటుంది. ఒకటి రెండు నొక్కుళ్లకు అది సరిపోతుంది. కంగారులో పెడల్‌ని టపటపా కొడితే ఆ కాస్తా అయిపోయి పెడల్ రాయిలా తయారవుతుంది. అందుకని ఒక్కసారే గట్టిగా, వదలకుండా నొక్కి ఉంచాలి. స్టీరింగ్ బిగుసుకున్నట్టు అనిపిస్తుంది గానీ రెండు చేతులతో బలంగా తిప్పితే తిరుగుతుంది.

ఆ క్షణంలో చేయకూడనిది ఒకటుంది. బండి కదులుతుండగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి లాగకూడదు. స్టీరింగ్ లాక్ పడుతుంది. హజార్డ్ లైట్లు వేయండి, గేరు న్యూట్రల్ చేయండి, ఎడమ పక్కకి తీయండి. స్టార్ట్ చేసే ప్రయత్నం బండి పక్కకి చేరాకే. హైవే మీద అయితే ముందు అందర్నీ కిందికి దింపి రెయిలింగ్ అవతలికి పంపండి, మెకానిక్‌కి ఫోన్ తర్వాత చేయొచ్చు.

అపోహ: స్కానర్‌లో కోడ్ లేదంటే బండిలో లోపం లేదు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. స్కానర్ అంటే ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపాల నంబర్లను, అంటే కోడ్‌లను, చదివే పరికరం. దానికి బండిలో ఏం జరిగిందో మొత్తం తెలియదు. ఇంజిన్ కంప్యూటర్ ఏది తప్పని గుర్తుపట్టిందో అదే చూపిస్తుంది. ఒక వైరు అర సెకను పాటు కాంటాక్ట్ వదిలి మళ్లీ పట్టుకుంటే కోడ్ పడేంత సమయం ఉండకపోవచ్చు. కొన్నిసార్లు కోడ్ ఇంకా ఖాయం కాకుండా పెండింగ్‌లో ఉంటుంది, చెక్ ఇంజిన్ లైటు వెలగదు. స్కాన్ చేసే కుర్రాడు పెండింగ్ కోడ్‌ల పేజీ తెరవకుండానే 'క్లియర్' అనేస్తాడు.

కోడ్ పడిందనుకోండి, దాంతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి నమోదవుతుంది. ఆ క్షణంలో స్పీడెంత, ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) ఎంత, లోడు ఎంత అన్నీ అందులో ఉంటాయి. మాకు కోడ్ కంటే అదే విలువైనది. ఇప్పుడు చెప్పండి, "ఒకసారి బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టు, రీసెట్ అయిపోతుంది" అనే సలహా ఏం చేస్తుంది? చాలా బళ్లలో ఆ సమాచారాన్ని తుడిచేస్తుంది. పైగా ఐడ్లింగ్ సెట్టింగులు కూడా పోయి, బండి కొన్నాళ్లు స్లోలో వణుకుతుంది. అప్పుడు కొత్త ఫిర్యాదు మొదలవుతుంది.

స్కానర్ లేకుండానే మీరు గమనించగలిగినవి ఉన్నాయి. బండి ఆగిన ఆ నాలుగు సెకన్లలో డ్యాష్‌బోర్డ్ ఏం చేసిందో గుర్తుంచుకోండి.

మాన్యువల్ బండి గేరులో ఉండి ఇంకా దొర్లుతోంది, అంటే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతున్నాయి. అయినా ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోయిందా? అయితే ఇంజిన్ తిరుగుతున్న సంగతే కంప్యూటర్‌కి తెలియడం లేదు. నేనైతే మొదట క్రాంక్ సెన్సార్‌ని, దాని వైరింగ్‌ని చూస్తాను. పీ0335 కోడ్ దీనికి సంబంధించినదే. ఈ సెన్సార్ పాడయ్యేటప్పుడు వేడికి మొరాయిస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆగుతుంది, పావుగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మీరు మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌తో షోరూమ్‌కి తీసుకెళ్తారు. వాళ్లకి ఏమీ కనబడదు. వాళ్లు అబద్ధమాడటం లేదు.

అలా కాకుండా ముందు పికప్ తగ్గి, రెండు మూడు సార్లు కుదిపి, ముల్లు మెల్లగా దిగి ఆగితే ఇంధనం అందడం లేదని అనుమానించాలి. పంపు కావచ్చు, ఫిల్టర్ కావచ్చు. ఎప్పుడూ రిజర్వ్‌లోనే బండి నడిపేవాళ్లకు ఇంకో మాట. ట్యాంకులోని పంపుని చల్లబరిచేది చుట్టూ ఉండే పెట్రోలే, అది తగ్గితే పంపు వేడెక్కుతుంది.

మూడోది, లైట్లు, మ్యూజిక్, మీటరు అన్నీ ఒకేసారి చచ్చి, తిరిగొచ్చాక గడియారం సున్నాల్లో ఉంటే కరెంటు దారే తెగింది. బ్యాటరీ టెర్మినల్ వదులు, లేదా బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి, ఇంజిన్‌కి కలిపే ఎర్త్ వైరు వదులు. మా దగ్గరికి వచ్చిన ఒక బండి ఏసీ వేసి యూటర్న్ తిప్పితేనే ఆగేది. అంతకుముందు వేరేచోట రెండుసార్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాం. అక్కడ 0.2 వోల్టు దాటకూడదు. వోల్టుకి పైనే చూపించింది. ముందు ఒకసారి చిన్న యాక్సిడెంట్ రిపేరులో బాడీకి పెయింట్ వేసి, ఆ పెయింట్ మీదే ఎర్త్ బోల్టు బిగించారు. పెయింట్ గీకి, కొత్త వాషర్ వేసి బిగించడానికి పట్టిన టైమ్ ఒక టీ తాగేంత. దాన్ని ఏ స్కానరూ పేరు పెట్టి చెప్పదు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ని కొట్టిపారేయడం లేదు. నిజంగానే ప్రోగ్రామ్ లోపం ఉన్న బళ్లుంటాయి, దానికి కంపెనీ సర్వీస్ బులెటిన్ (వర్క్‌షాపులకు పంపే రాతపూర్వక సూచన) కూడా ఇస్తుంది. అందుకే "ఏ బులెటిన్ ప్రకారం చేశారు?" అని అడగండి. జవాబు లేకపోతే ఊరికే చేసి చూశారన్నమాట.

అపోహ: పెట్రోల్‌లో కల్తీ, లేకపోతే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్లే

పెట్రోల్‌లో నీళ్లు కలిస్తే బండి ఆగుతుంది, సందేహం లేదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు మితిమీరితే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. అయితే అలాంటప్పుడు బంకు దాటిన కొద్దిసేపటికే మిస్ కొట్టడం మొదలవుతుంది, అదే బంకులో పోయించుకున్న మరో నలుగురూ మెకానిక్‌ల దగ్గర తేలతారు. నెలకోసారి, వేర్వేరు బంకుల పెట్రోల్‌తో ఆగే బండికి కల్తీ కథ అతకదు. అనుమానం ఉంటే బంకులో ఫిల్టర్ పేపర్ టెస్ట్, డెన్సిటీ చూపించమని అడిగే హక్కు మీకుంది.

ఈ20 సంగతికి వస్తే, మైలేజీ తగ్గడం వేరు, బండి ఆగిపోవడం వేరు. పాత తరం కార్లలో 6-7 శాతం, ఈ20కి తగ్గట్టు ట్యూన్ చేసినవాటిలో 1-2 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కార్ల పైపులు, సీళ్లు ఈ20ని తట్టుకునేలా చేసినవి. ఆ బళ్లు నడుస్తూ ఆగితే నేను ఈ20ని చివర్లో అనుమానిస్తాను.

పెట్రోల్‌తో ముడిపడిన అసలు అలవాటు వేరే ఉంది. టక్ మని గన్ ఆగాక కూడా "రౌండ్ ఫిగర్ చెయ్ తమ్ముడూ" అంటాం. ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటుంటుంది, క్యానిస్టర్ అంటాం. గొంతు దాకా నింపితే అందులోకి పెట్రోల్ నేరుగా పోతుంది. దాని తర్వాత ఉండే, ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే, ఫుల్ ట్యాంక్ చేయించి బయల్దేరిన వెంటనే బండి ఆగడం, మొండికేయడం జరుగుతుంది. "పెట్రోల్ పోయించగానే ఆగింది, కల్తీయే" అని గొడవపడిన కేసుల్లో కొన్ని ఇవే.

అపోహ: చిన్న వైరే కదా, ఏమవుతుంది

డ్యాష్‌క్యామ్, హారన్, రివర్స్ కెమెరా, సబ్ వూఫర్. ఎక్కడ దొరికితే అక్కడ వైరు గీకి టేపు చుట్టేస్తారు. వీటిలో అన్నిటికంటే ముదురు జీపీఎస్ ట్రాకర్. దొంగతనం జరిగితే ఫోన్ నుంచే బండి ఆపొచ్చని ఇగ్నిషన్ లేదా పంపు వైరు మధ్యలో ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెడతారు. ఆ చౌక రిలే కాంటాక్ట్ వదిలితే బండి హైవే మీద ఆగుతుంది, మళ్లీ పట్టుకుంటే నడుస్తుంది. కంపెనీ స్కానర్‌కి ఆ రిలే ఉన్నట్టే తెలియదు. అద్దెకి తిప్పిన బండి సెకండ్ హ్యాండ్‌లో కొంటే స్టీరింగ్ కింద టార్చ్ వేసి చూడండి. వారంటీలో ఉన్న బండికైతే వైరు కోయకుండా కప్లర్‌తో (ప్లగ్‌లా) తగిలించేవే వాడండి. వైరు కోసిన చోట లోపం వస్తే కంపెనీ చేతులు దులుపుకుంటుంది.

అపోహ: వాన నీళ్లలో ఆగితే వెంటనే సెల్ఫ్ కొట్టాలి

వద్దు. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే, నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నెట్టించి పక్కన పెట్టి టోయింగ్‌కి చెప్పండి. మామూలు ఇన్సూరెన్స్‌లో ఈ నష్టానికి డబ్బు రావడం కష్టం, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉండాలి. అదున్నా, నీళ్లలో మళ్లీ మళ్లీ స్టార్ట్ చేశారని తెలిస్తే పేచీ పెడతారు.

అపోహ: సిగ్నల్ దగ్గర ఆగిందంటే లోపమే

బ్రేక్ వదిలినా, క్లచ్ నొక్కినా తనంతట తనే స్టార్ట్ అవుతోందా? మీటరులో ఇంగ్లిష్ 'A' అక్షరం చుట్టూ బాణం గుర్తు వెలుగుతోందా? అది ఐడిల్ స్టాప్. నచ్చకపోతే బటన్ నొక్కి ఆపుకోవచ్చు. ఈ టెన్షన్‌తో వచ్చి నవ్వుకుంటూ వెళ్లినవాళ్లు చాలామంది.

అపోహ: మూడుసార్లు ఆగితే కొత్త బండి ఇవ్వాల్సిందే

అమెరికాలో ఉన్న అబ్బాయో అల్లుడో చెప్పిన మాట ఇది. అక్కడ రాష్ట్రాల్లో లెమన్ లా అని చట్టాలున్నాయి, షరతులు రాష్ట్రానికో రకం. మన దేశంలో అలాంటి చట్టం లేదు. మనకున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, రెండేళ్లలోపు వెళ్లాలి. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. రీకాల్ చేయమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి మోటారు వాహనాల చట్టంలోని 110ఏ సెక్షన్ ఇస్తుంది.

కానీ తయారీ లోపమని మనం అంటే చాలదు, కమిషన్ నిపుణుల నివేదిక, కాగితాలు అడుగుతుంది. చాలామంది దగ్గర ఉండేది 'జనరల్ చెకప్' అని రాసున్న జాబ్ కార్డు. అలా రాయనివ్వకండి. "రన్నింగ్‌లో ఇంజిన్ ఆగింది" అని, తేదీ, కిలోమీటర్ రీడింగ్, స్పీడు, ఏసీ వేసి ఉందా, ఎంతసేపు నడిచాక, ట్యాంకులో ఎంత పెట్రోల్ ఉంది అన్నీ రాయించాకే సంతకం పెట్టండి. వేడి మీదే ఆగే బండి అయితే గంటసేపు తిప్పి, మధ్యాహ్నం పూట తీసుకెళ్లి, టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నడపండి. వీలైతే స్కానర్ రికార్డింగ్‌లో పెట్టమనండి. ఏమీ దొరకలేదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడగండి.