చలి ఊళ్ళకి వెళ్ళే రింగుల జుట్టు: అపోహలు, వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే ఒడిశాలోని రాయగడలో ఉన్న మా పార్లర్‌కి రెండు రకాల వాళ్ళు వస్తారు. దేవమాలికో, సిమిలిగుడకో, దారింగబాడికో, అంటే ఇక్కడి చల్లటి కొండ ప్రాంతాలకి బయల్దేరబోతూ వచ్చేవాళ్ళు ఒక రకం. వెళ్ళొచ్చాక చిక్కుపడిన తల పట్టుకుని వచ్చేవాళ్ళు రెండో రకం. ఈ రెండో రకంలో రింగుల జుట్టు వాళ్ళే ఎక్కువ.

రింగులంటే ఇక్కడ అలలు అలలుగా ఉండే జుట్టు కాదు. తడిసినప్పుడు నడుము దాకా వచ్చి, ఆరేసరికి భుజాల మీదికి ముడుచుకుపోయే జుట్టు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే జుట్టు సలహాలు చాలావరకు స్ట్రెయిట్ జుట్టుకి సరిపోతాయి. దీనికి సరిపోవు.

అపోహ: చలికి జుట్టు పొడిబారుతుంది, బాగా నూనె దట్టించుకుని వెళ్తే చాలు.

నూనె వేరు, తేమ వేరు. మాడు మీద పుట్టే సహజమైన జిడ్డు స్ట్రెయిట్ జుట్టులో చివరిదాకా జారుతుంది. రింగుల జుట్టులో మలుపు మలుపుకీ ఆగిపోతుంది. అందుకే కుదుళ్ళు జిడ్డోడుతున్నా చివర్లు ఎండిపోయి ఉంటాయి. ఆ చివర్లకి ముందు కావలసింది నీళ్ళు, ఆ నీళ్ళు ఆవిరైపోకుండా పైన పల్చగా నూనె. పొడి జుట్టు మీద ఎంత నూనె రాసినా అది నూనె రాసిన పొడి జుట్టే.

"కొండ మీద పొద్దున్నే మంచు కురుస్తుంది కదక్కా, తేమకేం తక్కువ?" అని అడుగుతారు. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములకి కాస్త పైన, అంతే. పొద్దున 10 డిగ్రీల్లో పొగమంచుతో నిండుగా కనిపించిన అదే గాలి మధ్యాహ్నానికి 25 డిగ్రీలకి వేడెక్కితే, అది పట్టగలిగే దాంట్లో తేమ 40 శాతం దగ్గరికి పడిపోతుంది. రూములో హీటర్ వేసినా, కారు అద్దాలు ఎత్తి వేడి గాలి పెట్టుకున్నా జరిగేది ఇదే. అంటే మీ జుట్టు పొద్దున ఉబ్బుతుంది, మధ్యాహ్నం ఎండుతుంది, మర్నాడు మళ్ళీ ఉబ్బుతుంది. గ్లిజరిన్ చుట్టూ ఉన్న తేమని లాక్కుంటుంది, అది ఎక్కువున్న జెల్లులు, క్రీములు కొండ మీద వద్దనేది ఇందుకే. పొగమంచులో జుట్టు పొదలా లేస్తుంది, ఎండెక్కాక బంకబంకగా మిగులుతుంది.

నేను చెప్పేది ఇంతే. బయల్దేరే ముందురోజు తలస్నానం చేసి కండిషనర్ పెట్టండి. జుట్టు ఇంకా తడిగా ఉండగానే కడగనవసరం లేని క్రీమ్ రాసి, చివర్లకి మాత్రం అరచేతిలో రుద్దుకున్న నాలుగు చుక్కల నూనె పట్టించండి. కొబ్బరినూనె అయితే మరీ మంచిది. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, కడిగినప్పుడు పోయే ప్రోటీన్‌ని తగ్గిస్తుంది. కాకపోతే 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. ఆ తెల్లటి ముద్దని అలాగే రింగుల్లో రుద్దితే కరిగేలోపు చిక్కులు పడతాయి. సీసాని కాసేపు స్వెట్టర్ జేబులో పెట్టుకోండి, సరిపోతుంది.

ఆముదం గురించి విడిగా చెప్పాలి. మా వైపు చలికాలం ఆముదం రాయడం అలవాటు. పొడవాటి జుట్టుకి ఆముదం పట్టించి కడిగాక మొత్తం అట్టకట్టుకుపోయి, చివరికి కత్తిరించాల్సి వచ్చిన కేసు వైద్య పత్రికలోనే వచ్చింది. అందరికీ అలా అవుతుందని కాదు. కానీ లాడ్జిలో ఒక్క బకెట్ వేడినీళ్ళతో ఆముదం వదిలించుకునే పని మాత్రం పెట్టుకోవద్దు.

అపోహ: చలి ఊళ్ళో తలస్నానం చేస్తే జలుబు చేస్తుంది, ఊరొచ్చేదాకా తల తడపకూడదు.

జలుబు వైరస్ వల్ల వస్తుంది, తడి తల వల్ల కాదు. అలాగని తడి తలతో దేవమాలి ఎక్కమనడం లేదు. 1,672 మీటర్ల ఎత్తున, ఒడిశాలోనే ఎత్తైన కొండ మీద, తెల్లవారుజామున ఆ గాలికి తల దిమ్మెక్కిపోతుంది. పైగా తడిసిన వెంట్రుక సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. రింగుల జుట్టు ఒత్తుగా ఉంటే చలిలో సగం రోజైనా ఆరదు. అందుకని మధ్యాహ్నం పూట, బయటికి వెళ్ళే పని లేనప్పుడు తలస్నానం చేయండి. టవల్‌తో రుద్దకండి. పాత కాటన్ టీషర్టులో జుట్టు చుట్టి, నీళ్ళు పీల్చేదాకా ఒత్తండి.

హెయిర్ డ్రయ్యర్ అంటేనే భయపడేవాళ్ళున్నారు. 2011లో కొరియా పరిశోధకులు చూసిన దాంట్లో, 15 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఆరబెట్టిన జుట్టు కంటే దానంతటదే ఆరిన జుట్టుకే లోపలి పొరల్లో ఎక్కువ దెబ్బ కనిపించింది. గంటల తరబడి నానుతూ ఉండటం కూడా జుట్టుకి మంచిది కాదన్నమాట. గోరువెచ్చటి గాలి, జాన దూరం, చెయ్యి ఆపకూడదు. చలిమంట దగ్గర తల వంచి ఆరబెట్టుకోవడం మాత్రం వద్దే వద్దు. ముందు చివర్లు మాడతాయి, ఆ పొగ వాసన మళ్ళీ తలంటుకునేదాకా పోదు.

అపోహ: మంకీ క్యాప్ పెట్టుకుంటే జుట్టు భద్రం.

చెవులు భద్రం. జుట్టుకి మాత్రం ఉన్ని పెద్ద శత్రువు. ఉన్ని నూలు వెంట్రుకల్ని పట్టుకుని లాగుతుంది, ఉన్న కాస్త తేమనీ పీల్చేస్తుంది. ప్రయాణం తర్వాత నా దగ్గరికొచ్చే వాళ్ళలో జుట్టు ఎక్కువగా తెగి ఉండేది నుదుటి అంచున, మెడ వెనక, అంటే సరిగ్గా టోపీ రాసుకునే చోట.

దీనికి ఖర్చు లేని ఉపాయం ఉంది. ఇంట్లో పాత బరంపురం పట్టు చీర చిరిగినది ఉంటే, అందులోంచి ఒక ముక్క తీసి టోపీకి లోపలివైపు వదులుగా కుట్టుకోండి. జరీ లేని చోటే కత్తిరించాలి, జరీ పోగు ఉన్ని కంటే ఘోరంగా వెంట్రుకని పట్టుకుంటుంది. చుట్టూ అంచు కుడితే చాలు, మధ్యలో కుట్లు వేస్తే టోపీ సాగదు. పట్టు లేకపోతే శాటిన్ లైనింగ్ గుడ్డ, టైలర్ దగ్గర అడిగితే ముక్కలు ఇచ్చేస్తాడు. ఇంకో ముక్క దిండుకి. లాడ్జి దిండు గలీబులు గరుకుగా ఉంటాయి, శుభ్రత సంగతి సరేసరి. రైల్లో కిటికీ పక్కన కూర్చునేవాళ్ళు కూడా ఆ గుడ్డ తలకి కట్టుకోండి. కోరాపుట్ వైపు ఘాట్‌లో కిటికీ తెరిచి కూర్చుంటే ఆ గాలికి పడే చిక్కు తీయడం నా వల్ల కూడా అంత తేలిక కాదు.

అపోహ: రోజూ పొద్దున్నే దువ్వి బిగించి జడ వేసేస్తే చిక్కు పడదు.

పొడిగా ఉన్నప్పుడు దువ్వడమే రింగుల జుట్టు తెగడానికి మొదటి కారణం. తడి జుట్టు బలహీనమే, కానీ కండిషనర్ పట్టించిన తడి జుట్టు జారుతుంది కాబట్టి చిక్కు తీయడానికి అదే సమయం. ముందు వేళ్ళతో, తర్వాత పెద్ద పళ్ళ దువ్వెనతో, చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి. మిగతా రోజుల్లో దువ్వెన బ్యాగులోనే ఉండనివ్వండి. కొంచెం నీళ్ళు చల్లి వేళ్ళతో సర్దుకుంటే చాలు.

జడ మంచిదే, రెండు మూడు వదులు జడలు ఇంకా మంచిది. బిగించినది కాదు. వేసుకున్నాక కనుబొమ్మలు పైకి లాగినట్టుంటే, నుదుటి దగ్గర చిన్న చిన్న పొక్కుల్లాంటివి వస్తే, అది కుదుళ్ళు పీకుతున్న జడ. అలా ఏళ్ళ తరబడి వేస్తే అంచున జుట్టు తిరిగి రాకుండా కూడా పోతుంది.

అపోహ: చివర్లో చన్నీళ్ళు పోసుకుంటే వెంట్రుక పైన పొలుసులు మూసుకుని జుట్టు మెరుస్తుంది.

వెంట్రుక పైన పొలుసుల్ని సర్దేది కండిషనర్. ఆ చలిలో మిమ్మల్ని మీరు హింసించుకోకండి. మరీ మరిగే నీళ్ళూ వద్దు, అవి మాడు మీది జిడ్డంతా ఊడ్చేస్తాయి. కండిషనర్ మాత్రం ఇంటినుంచే చిన్న సీసాలో తీసుకెళ్ళండి. కొండ మీది కిరాణా కొట్లో షాంపూ ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతుంటాయి, కండిషనర్ దొరుకుతుందని నమ్మకం పెట్టుకోలేం.

అపోహ: చలికి పొట్టు రాలుతోందంటే నూనె తక్కువై.

సన్నగా, తెల్లగా, పొడిగా రాలితే మాడు ఎండిందనుకోవచ్చు. జిడ్డుగా, కాస్త పసుపుగా, దురదతో ఉంటే అది చుండ్రు. చుండ్రుకి కారణమైన ఫంగస్‌కి జిడ్డే తిండి, నూనె పెడితే విందు భోజనమే. కీటోకోనజోల్ షాంపూ మాడుకి మాత్రం రాసి, ఐదు నిమిషాలు ఉంచి కడగండి. పొడవునా రుద్దితే రింగులు ఎండిపోతాయి.

అపోహ: ఊరు మారి నీళ్ళు పడక జుట్టంతా ఊడిపోయింది.

దీన్ని మా పిన్నమ్మల వయసు వాళ్ళ చేత ఒప్పించడం నా తరం కాలేదు. ఎవరికైనా రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. స్ట్రెయిట్ జుట్టు వాళ్ళకి అవి దిండు మీద, నేల మీద ఏ రోజువి ఆ రోజు కనిపిస్తాయి. రింగుల్లో రాలిన వెంట్రుక కింద పడదు, పక్క రింగుకి చుట్టుకుని అక్కడే ఉంటుంది. వారం రోజులు జడ విప్పకుండా తిరిగొచ్చి తలంటుకుంటే, వారం సరుకు ఒకేసారి చేతికొస్తుంది. చూసి టెన్షన్ పడటం సహజం. ఒకటి తీసి చివర చూడండి. చిన్న తెల్లటి బుడిపె ఉంటే దాని ఆయుష్షు తీరి రాలింది. బుడిపె లేకుండా చిన్న చిన్న ముక్కలుగా ఉంటే అది తెగిన జుట్టు, టోపీనో దువ్వెననో అనుమానించండి.

నిజంగానే గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా, నెలల తరబడి ఊడుతుంటే నిన్నటి నీళ్ళ గురించి కాదు, రెండు మూడు నెలల కిందటి సంగతి గుర్తు తెచ్చుకోండి. మలేరియా, టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరమో, కాన్పో, ఆపరేషనో జరిగి ఉంటే జుట్టు దానికి జవాబు ఇప్పుడు చెబుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తిరిగొస్తుంది. అలా కాక తలలో ఎక్కడైనా జుట్టు ఊడి నున్నగా గుండ్రటి మచ్చ కనిపిస్తే నా దగ్గరికి రాకండి, చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. దానికి మా పార్లర్‌లో ఏ మసాజూ లేదు.